టోపోషీట్ల సాయంతో ఊరి సమాధులను, పాత ఆనవాళ్లను గుర్తించడం ఎలా

పెద్ద కోటలకు, పేరున్న గుళ్లకు పురావస్తు శాఖ బోర్డులు ఉంటాయి. ఊరి బయట చింతతోపులో ఉన్న సమాధులకు, చెరువు కట్ట మీద ఒరిగిన వీరగల్లుకు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయికి), ఎప్పుడో ఖాళీ అయిన ఊరి దిబ్బకు ఏ బోర్డూ ఉండదు. వాటి సంగతి తెలిసిన పెద్దలు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. మరోపక్క కంకర క్వారీలు, ప్లాట్ల వెంచర్లు ఆ నేలను చదును చేస్తున్నాయి. అయితే ఇలాంటి ఆనవాళ్లలో కొన్నింటిని సర్వే ఆఫ్ ఇండియా తన టోపోషీట్ల మీద, అంటే నేల ఎత్తుపల్లాలు, ఊళ్లు, బాటలు, చెరువులు చూపే పటాల మీద, ఏనాడో గుర్తు పెట్టింది, గుర్తు పెట్టని వాటిలో కూడా చాలావాటి జాడ ఆ షీటు మీదే మరో రూపంలో దొరుకుతుంది. షీటును చదివి, నేల మీదికి వెళ్లి, ఊరివాళ్లను అడిగి, సర్వే నంబరుతో సహా నమోదు చేసే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. మొదట మీకు పరిచయమున్న ఒకటి రెండు గ్రామాలనే ఎంచుకోండి. మండలమంతా ఒకేసారి తలకెత్తుకోవద్దు.

పటం గీసే పనికీ ఊరి చరిత్ర కూడబెట్టే పనికీ మన ప్రాంతంలో పాత అనుబంధం ఉంది. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, సర్వే పనుల్లో తిరుగుతూనే కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల తోడ్పాటుతో గ్రామాల కైఫియతులను (ఊరి చరిత్ర రాసిన పత్రాలను) సేకరింపజేశాడు. ఊరి ఎల్లలు, చెరువులు, గుళ్లు, పాడుపడిన పల్లెల ప్రస్తావనలు వాటిలో ఉంటాయి. కొన్ని జిల్లాల కైఫియతులు అచ్చయ్యాయి కాబట్టి, మీ ఊరి కైఫియతు దొరికితే షీటు తెరవడానికి ముందే చదివి, అందులోని స్థలాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

షీటు నంబరు కనుక్కోవడం

పాత పద్ధతిలో దేశాన్ని నాలుగేసి డిగ్రీల గడులుగా విభజించి అంకెలు ఇచ్చారు. తెలుగు రాష్ట్రాల్లో అధిక భాగం 56, 57, 65, 66 గడుల్లో పడుతుంది. ఒక్కో గడిని మళ్లీ 16 భాగాలు చేసి, ఎడమవైపు నిలువు వరుసతో మొదలుపెట్టి పైనుంచి కిందికి, ఏ నుంచి పి దాకా అక్షరాలు వేశారు. ఆ డిగ్రీ షీటును తిరిగి అదే వరుసలో 16 భాగాలు చేసి 1 నుంచి 16 వరకు అంకెలు వేశారు. ఈ చివరి భాగం 15 నిమిషాల పొడవు, 15 నిమిషాల వెడల్పు ఉంటుంది. మనకు కావలసిన 1:50,000 షీటు అదే. ఉదాహరణకు అమరావతి స్తూపం సుమారు 16 డిగ్రీల 34 నిమిషాల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల 21 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. అది 65వ గడిలో, 16–17, 80–81 డిగ్రీల మధ్య ఉన్న డి భాగంలో, రెండో నిలువు వరుసలో పైనుంచి రెండో చోట పడుతుంది, అంటే 65 డి/6. గోల్కొండ ఇదే లెక్కన 56 కె/7 అవుతుంది. మీ ఊరికి ఈ లెక్క ఒకసారి మీ చేత్తో మీరే వేసి చూడండి, ఆ తరువాత పాత సర్వే రిపోర్టుల్లో షీటు నంబరు కనిపించగానే అది ఏ తావో మీకే తెలిసిపోతుంది.

2005 జాతీయ పటాల విధానం తరువాత పౌరుల కోసం ఓపెన్ సిరీస్ షీట్లు వచ్చాయి. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకొని వాటిని పీడీఎఫ్ రూపంలో దించుకోవచ్చు. వీటికి నంబర్ల పద్ధతి మారింది గాని, అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే షీటు పట్టుకోవడం కష్టం కాదు. హైదరాబాద్ ఉప్పల్‌లో ఆ సంస్థ కార్యాలయం కూడా ఉంది. కొత్త షీటు ఒక్కటే చాలదు. మైలుకు ఒక అంగుళం లెక్కన గీసిన పాత షీట్ల కోసం విశ్వవిద్యాలయాల భూగోళ శాస్త్ర విభాగాల్లో, పాత గ్రంథాలయాల్లో అడగండి. అమెరికా సైన్యపు మ్యాప్ సర్వీసు 1950ల్లో తయారుచేసిన 1:250,000 షీట్లు టెక్సస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో చిన్న వివరాలు ఉండవు, కాని ఆనాటి ఊళ్లు, బాటలు, జలాశయాలు కట్టకముందు నదులు ఎలా పారేవో కనిపిస్తాయి.

షీటు చేతికి రాగానే మొదట అంచు మీది రాత చదవండి. సర్వే ఏ సంవత్సరంలో జరిగిందో, ఏ సంవత్సరంలో సవరించారో, ఎప్పుడు అచ్చు వేశారో అక్కడ ఉంటుంది. ఈ మూడూ వేర్వేరు. ఒక షీటు మీద సమాధి గుర్తు ఉండి తరువాతి షీటు మీద లేకపోతే, ఆ రెండు సర్వేల నడుమ ఏదో జరిగిందని అర్థం. దేనికి జరిగిందో, ఎవరు చేశారో అడగవలసిన ప్రశ్న అక్కడే పుడుతుంది.

గుర్తులను చదవడం

గుర్తుల పట్టికలో గుడి, ఛత్రి (గొడుగు ఆకారపు స్మారక మండపం), చర్చి, మసీదు, ఈద్గా, గుమ్మటం ఉన్న సమాధి, మామూలు సమాధులు ఒకే వరుసలో ఉంటాయి. చివరి రెంటి తేడాను గమనించండి: మొదటిది ఒక కట్టడం, రెండోది గోరీల గుంపు. కోట, పాడుపడిన ఊరు, పురావశేషం, యుద్ధం జరిగిన చోటు, వీటికి కూడా విడివిడి గుర్తులు ఉన్నాయి. యుద్ధస్థలానికి రెండు కత్తులు అడ్డంగా వేసి పక్కన సంవత్సరం రాస్తారు. ఎర్ర గీతల గడి ఒక్కొక్కటి ఒక కిలోమీటరు. దాన్ని పదో వంతుల వరకు అంచనా వేసి ఆరంకెల గ్రిడ్ రిఫరెన్సు (తూర్పుకు మూడంకెలు, ఉత్తరానికి మూడంకెలు) రాయడం నేర్చుకోండి.

గుర్తు ఉన్న చోటు సులువే. అసలు కష్టం గుర్తు లేని చోట ఉంది, ఎందుకంటే సర్వేయరు కట్టడాలను గీస్తాడు. మన ఊళ్లలో కాల్చే చోట కట్టడం ఉండదు, పూడ్చే చోట చాలాసార్లు మట్టి కుప్పే ఉంటుంది. వేల ఏళ్ల నాటి రాతి సమాధులు సర్వేయరు కంటికి బండల గుంపుగానే కనిపించి ఉండవచ్చు. అందువల్ల షీటు మీద ఖాళీగా ఉన్న తావులను ఓపికగా చదవాలి.

ముందుగా బాటలు చూడండి. నాలుగైదు బండిబాటలు వచ్చి ఏమీ లేని తావులో కలుస్తుంటే, ఒకప్పుడు అక్కడ ఊరు ఉండి ఉండవచ్చు. దగ్గర్లో ఇళ్లే లేని చెరువు, పొలాల మధ్య ఒంటరిగా గుడి గుర్తు, అవీ అదే చెబుతాయి. తరువాత ఎత్తులు చూడండి. 1:50,000 షీటులో కాంటూరు గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎడం సాధారణంగా 20 మీటర్లు కాబట్టి, నాలుగైదు మీటర్ల పాటిదిబ్బ (పాత ఊరి మట్టిదిబ్బ) వాటిలో కనిపించదు; కాని చెరువు కట్ట పక్కన, దిబ్బ పక్కన ఒక చిన్న అంకె, దాని వెంట ఇంగ్లిషు ఆర్ అక్షరం ఉంటే అది చుట్టుపక్కల నేల కంటే ఎంత ఎత్తుందో చెప్పే కొలత. కట్ట కాని చోట ఆ అంకె కనిపిస్తే దానికి చుట్టూ గీత గీసి పెట్టుకోండి. రాతి సమాధుల కోసమైతే రాతిగుట్టల పాదాలు, సేద్యానికి పనికిరాని గరప నేలలు, చెరువుల దాపులు చూడాలి. తెలంగాణలో హష్మత్‌పేట, మౌలాలి, జానంపేట, దామరవాయి, కృష్ణ ఒడ్డున నిలువురాళ్లున్న ముడుమాల వంటి తావులను ముందుగా షీట్ల మీద చూసి, వాటి చుట్టూ గుట్ట, వాగు, బీడు ఏ వరుసలో ఉన్నాయో గమనించండి. అలాంటి పొందిక మీ మండలంలో ఎక్కడ ఉందో వెతకడానికి కన్ను అలవాటు పడుతుంది.

షీటు మీది స్థలనామాలను పెద్దగా చదవండి. ఇంగ్లిషు అక్షరాల్లో దీర్ఘాలు, ట-త తేడాలు పోతాయి కాబట్టి, ఒక్కో పేరును రెండు మూడు రకాలుగా పలికి ఊళ్లో అడగాలి. రాక్షస గుళ్లు, పాండవుల గుట్ట, కోటదిబ్బ, పాతూరు వంటి పేర్లు నేరుగానే దారి చూపుతాయి. ఇంటిపేరు ఏ ఊరి మీదుగా వచ్చిందో తెలియక, ఆ పేరుతో ఇప్పుడు ఏ ఊరూ లేక వెతుకుతున్న కుటుంబాలకు కూడా పాత షీట్ల మీది పాడుపడిన ఊళ్ల పేర్లు ఉపయోగపడతాయి.

కోస్తా షీట్లలో మరో రకం సమాధులు ఉన్నాయి. బందరులో, భీమునిపట్నంలో డచ్చివారి సమాధుల తోటలు ఇప్పటికీ ఉన్నాయి. వీటిని గురించి రాసినవారు చాలామంది ఉన్నారు కాబట్టి, మీ శ్రమను రాతలకెక్కని వాటికి పెట్టమని నా మనవి.

ఉపగ్రహ చిత్రంతో, రెవెన్యూ రికార్డుతో సరిపోల్చడం

స్కాన్ చేసిన షీటును క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేరులో తెరిచి, నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి కూర్చోబెట్టండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం అనే పాత భూమి ఆకారపు లెక్క మీద గీసినవి, ఫోనులోని జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త లెక్క మీద నడుస్తుంది. ఈ మార్పిడి చేయకపోతే స్థలం వంద మీటర్లకు పైగానే పక్కకు జరగవచ్చు. ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84లోనే ఉంటాయి గాని, వాటి యూటీఎం జోను (పటాల కోసం భూమిని ఆరేసి డిగ్రీల రేఖాంశాలుగా విభజించిన పట్టీ) చూసుకోవాలి. 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున 44వ జోను, పడమటన 43వ జోను. జహీరాబాద్, నారాయణపేట, ఆదోని, అనంతపురం ప్రాంతాలవారు 43 ఎంచుకోవాలి. ఇవన్నీ సరిగా చేసినా, షీటు మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లని మరువవద్దు. గుర్తు పడిన చోట కాక, దాని చుట్టూ వంద నూట యాభై మీటర్ల వలయంలో వెతకండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలను, ఇస్రోవారి భువన్ వెబ్‌సైటులోని ఉపగ్రహ చిత్రాలను చూడండి, వాటిలో వేసవిలో తీసినవి ఎంచుకోండి. పైరు లేనప్పుడు దిబ్బలు, రాతి వలయాలు, గోరీల వరుసలు బాగా తెలుస్తాయి.

తరువాత గ్రామ నక్షా (రెవెన్యూ శాఖ గ్రామ పటం) తెప్పించుకోండి. పూర్వపు మద్రాసు రాష్ట్రంలో ఉన్న జిల్లాల్లో గ్రామ పటం మైలుకు 16 అంగుళాల లెక్కన ఉంటుంది కాబట్టి టోపోషీటులో చుక్కగా ఉన్నది ఇందులో ఒక సర్వే నంబరుగా కనిపిస్తుంది. ఆంధ్రలో డైగ్లాటు లేదా ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్ల వారీ పాత భూమి రిజిస్టర్లు), అడంగల్, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) చూడాలి. తెలంగాణలో సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954–55 ఖాస్రా పహాణీ, టిప్పన్ (పొలం కొలతల పటం) చూడాలి. శ్మశాన పోరంబోకు, ఖబరస్తాన్, గ్రామకంఠం అన్న నమోదుల కోసం వెతకండి. తెలంగాణ రికార్డుల్లో బేచిరాగ్ అని రాసిన గ్రామం జనం లేని గ్రామం. షీటు మీద బాటలు కలిసిన ఖాళీ తావు ఆ గ్రామపు ఎల్లల్లో పడితే మీరు సరైన చోటికే వచ్చారు.

నీట మునిగిన ఊళ్లు

కృష్ణా తీరంలోని పాఠకులకు ఈ భాగం ప్రత్యేకంగా చెప్పాలి. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల కింద ఊళ్లతో పాటు శ్మశానాలు, సమాధులు, గుళ్లు మునిగిపోయాయి. నాగార్జునకొండ, ఏలేశ్వరం వంటి పేరున్న చోట్ల మునకకు ముందు తవ్వకాలు జరిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. పేరులేని పల్లెల శ్మశానాలను ఎవరూ తరలించలేదు. వాటికి మిగిలిన ఆధారాల్లో జలాశయం కట్టకముందు సర్వే చేసిన అంగుళం షీటు ముఖ్యమైనది.

ఆ షీట్లలో ఎత్తులు అడుగుల్లో, కాంటూరు గీతలు 50 అడుగుల ఎడంతో ఉంటాయి. జలాశయాల నీటిమట్టాన్ని కూడా నేటికీ సముద్రమట్టం నుంచి అడుగుల్లోనే ప్రకటిస్తారు: శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్ 590 అడుగులు. కాబట్టి మునిగిన ఊరు షీటు మీద 850 అడుగుల గీతకు కొంచెం పైన ఉందనుకుంటే, శ్రీశైలం మట్టం ఆ అంకెకు దిగివచ్చేసరికి ఆ నేల బయటపడుతుందని లెక్క కట్టవచ్చు. రెండు గీతల నడుమ ఉన్న ఊరికి గీతల నుంచి దూరాన్ని బట్టి ఎత్తు అంచనా వేసుకోండి, దశాబ్దాలుగా పేరుకున్న ఒండ్రుకు కొంత తేడా వదిలిపెట్టండి. రోజువారీ మట్టాలు పత్రికల్లో వస్తాయి. మార్చి నుంచి జూన్ వరకు వాటిని గమనిస్తూ, తేలే వారానికి ప్రయాణం పెట్టుకోండి. సప్తనదుల సంగమం దగ్గరి సంగమేశ్వరాలయం వేసవిలో తేలినప్పుడు జనం వెళ్లి పూజలు చేయడం అందరికీ తెలిసిందే. అదే సమయంలో చుట్టుపక్కల మునక గ్రామాల గోడలు, బావులు, సమాధి రాళ్లు కూడా కొన్ని రోజులపాటు కనిపిస్తాయి. నిర్వాసితులై వేరేచోట స్థిరపడినవారిలో పెద్దలను వెంట తీసుకువెళ్లగలిగితే అంతకు మించిన మార్గదర్శకులు ఉండరు. అయితే ఆరిన పొర కింద బురద లోతుగా ఉంటుంది, కాబట్టి స్థానిక జాలరి తోడు లేకుండా అడుగు పెట్టవద్దు.

ఊళ్లో అడగడం

షీటు ఎక్కడ అడగాలో చెబుతుంది. అక్కడ ఏముందో ఊరు చెబుతుంది. వెళ్లగానే పంచాయతీలో మీరెవరో, ఎందుకు వచ్చారో చెప్పండి. లేకపోతే గుప్తనిధుల కోసం వచ్చారన్న అనుమానం మొదటి గంటలోనే పుడుతుంది. పశువుల కాపరులను, కాటికాపరిని, దర్గా ముజావరును, పాస్టరును, రాళ్లు కొట్టే వడ్డెరవారిని విడివిడిగా కలవండి. రాతి సమాధుల గురించి బండలు తీసినవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

“శ్మశానం ఎక్కడ?” అని ఒక్కరిని అడిగి ఊరుకోకండి. ఒక్కో కులానికి, ఒక్కో మతానికి వేరు వేరు నేల ఉన్న ఊళ్లే ఎక్కువ. దళితవాడల శ్మశానాలు చాలాచోట్ల టోపోషీటు మీదా ఉండవు, రికార్డులోనూ ఉండవు. తరతరాలుగా పూడుస్తున్న నేల మరొకరి పట్టాలో ఉంటుంది. అన్నిటికంటే ముందు నమోదు కావలసినవి అవే. వాడకు వెళ్లి, అక్కడి పెద్దవాళ్లతో, ముఖ్యంగా “అవ్వా” అని పిలిచి ముసలమ్మలతో కూర్చుని, ఏ చెట్టు కింద ఎవరిని పెట్టారో చెప్పించుకొని రాసుకోండి. షబే బరాత్ రాత్రి, నవంబరు 2న క్రైస్తవుల సమాధుల పండుగ నాడు, పెద్దల అమావాస్య నాడు ఏ కుటుంబం ఏ చోటికి వెళ్తుందో తెలుస్తుంది. ఆ రోజుల్లో కెమెరా బయటికి తీయకుండా దూరంగా ఉండి చూడండి, మాటలు మరునాడు మాట్లాడవచ్చు.

నమోదు, జాగ్రత్తలు

ప్రతి స్థలానికి ఒక పేజీ కేటాయించండి. షీటు నంబరు, గ్రిడ్ రిఫరెన్సు, జీపీఎస్ అంకెలు, గ్రామం, సర్వే నంబరు, ఊరివాళ్లు పిలిచే పేరు, చెప్పినవారి వయసు, చూసిన తేదీ రాయండి. సమాధుల దిశ తప్పకుండా రాయాలి: ముస్లింల గోరీలు మన దగ్గర ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి, జంగమ, వీరశైవ సమాధుల్లో దేహాన్ని కూర్చోబెడతారు కాబట్టి పైకట్టు పొడవుగా ఉండక, తరచుగా దాని మీద లింగమో నందో ఉంటుంది. రాతి వలయమైతే అడ్డుకొలత, రాళ్ల సంఖ్య, మూతబండ ఉన్నదీ లేనిదీ రాయండి. అరిగిన అక్షరాలను ఉదయమో సాయంత్రమో, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫొటో తీయండి. సుద్ద, పిండి, నూనె పూయవద్దు. ఇనుప బ్రష్షుతో రుద్దవద్దు. శాసనమని తోస్తే ఫొటోలను పురావస్తు సర్వేక్షణ సంస్థ శాసన విభాగానికి పంపాలి. తెలుగు, సంస్కృత శాసనాలకు మైసూరు, అరబ్బీ, పారశీక శాసనాలకు నాగపూర్.

ఒక్క రాయినీ కదపవద్దు, ఒక్క కుండపెంకునూ జేబులో వేసుకోవద్దు. దొరికిన నిక్షేపం 1878 నిక్షేపాల చట్టం కిందికి వస్తుంది. సమాధి స్థలాన్ని అపవిత్రం చేయడం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షను కింద నేరం. కాపలా లేని రాతి సమాధుల జీపీఎస్ అంకెలను మాత్రం సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. నిధుల వేటగాళ్లు వాటి కోసమే చూస్తుంటారు. ఫొటో, ఊరి పేరు చాలు; పూర్తి వివరాలు శాఖకు ఇచ్చే ప్రతిలో ఉండాలి.

నమోదు పూర్తయ్యాక మూడు ప్రతులు తీయండి. ఒకటి గ్రామ పంచాయతీకి, ఒకటి తహసీల్దారుకు, ఒకటి రాష్ట్ర పురావస్తు శాఖకు, తెలంగాణలో అయితే హెరిటేజ్ తెలంగాణకు, చేతికిచ్చి రసీదు తీసుకోండి. ప్రభుత్వ నేలగా నమోదైన శ్మశానమైతే, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో (అమ్మకాలు రిజిస్టరు చేయకూడని భూముల జాబితాలో) ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్చమని పంచాయతీ తీర్మానం జతచేసి కలెక్టరుకు దరఖాస్తు పెట్టండి. పట్టా నేలలో ఉన్న దళితవాడ శ్మశానమైతే, మీరు సేకరించిన పాత షీటు నకలు, పెద్దల వాంగ్మూలాలు, ఫొటోలు ఒక కట్టగా చేసి ఆ వాడవారికే ఇవ్వండి. శ్మశానానికి స్థలం కేటాయించమని దరఖాస్తు పెట్టవలసింది వాళ్లే, అప్పుడు ఆ కాగితాలు వాళ్ల చేతిలో ఉండాలి.